ఎండాకాలం వస్తే ముందు కూలెంట్ చూడండి
మన వరంగల్‌లో మే ఎండ 40 డిగ్రీలు దాటాక అందరూ ఏసీ గ్యాస్ గురించే అడుగుతారు గానీ, కారు బానెట్ ఎత్తి, ఇంజన్‌ను చల్లగా ఉంచే కూలెంట్ ద్రవం ఉండే డబ్బా చూసేవాళ్లు తక్కువ. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి, లెవెల్ రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గిందని బోరు నీళ్లు పోయకండి, ఆ నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుపోతుంది. మాటిమాటికీ తగ్గుతుంటే ఎక్కడో లీకే: పైపుల అతుకుల దగ్గర ఎండిపోయిన ఆకుపచ్చ మరకో, గులాబీ మరకో కనిపిస్తే మెకానిక్ అన్నకు అదే చూపించండి. కాజీపేట దాటి హైవే మీద టెంపరేచర్ ముల్లు పైకి లేస్తే బండి పక్కకు తీసి ఇంజన్ బంద్ చేయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం అస్సలు తిప్పొద్దు, ప్రెషర్‌లో ఉన్న నీళ్లు మొహం మీదకే చిమ్ముతాయి! టైర్లలో గాలి కూడా చల్లగా ఉన్నప్పుడే చెక్ చేయించండి.