జాకీ కింద పీట

హన్మకొండ నుంచి కాళేశ్వరం 110 కిలోమీటర్ల పైచిలుకు. గూడెప్పాడు దగ్గర ములుగు రోడ్డు వదిలి పరకాల వైపు తిరిగితే ఇక ఎవరినీ దారి అడగాల్సిన పని ఉండదు. రేగొండ, చెల్పూరు, భూపాలపల్లి, కాటారం, మహాదేవపూర్, ఆ తర్వాత గోదావరి. రెండున్నర గంటల్లో పోవచ్చంటారు, పోవచ్చు కూడా. కానీ కార్తీకంలో ఆ రోడ్డు మనొక్కరిదే కాదు. పరకాల దాకా పత్తి ట్రాలీలు, భూపాలపల్లి చుట్టూ బొగ్గు టిప్పర్లు, కాటారం నుంచి ఇసుక లారీలు. వీటికి తోడు ఊరొచ్చిన ప్రతిచోటా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి.

అందుకే నేను ముందు రోజు రాత్రే బండి సంగతి చూసుకుంటాను. నాలుగు టైర్లతో పాటు స్టెప్నీలో కూడా గాలి కొట్టిస్తాను. చాలామంది కారు కొన్నప్పటి నుంచి స్టెప్నీ మొహం చూసి ఉండరు, అవసరం పడ్డ రోజు అది మెత్తగా ఉంటుంది. ఫోన్‌లో మ్యాపు డౌన్‌లోడ్ చేసిపెడతాను, ఎందుకంటే భూపాలపల్లి దాటాక అడవిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. జేబులో నోట్లు కూడా ఉండాలి. సిగ్నల్ లేని చోట స్కానర్ బోర్డు ఎంత పెద్దదైతే ఏం లాభం?

మా బామ్మర్దికి ఇదంతా చాదస్తం. "బావా, మనం పోయేది కాళేశ్వరమా, కాశ్మీరమా?" అన్నాడు.

పొద్దున సామాను సర్దేటప్పుడు అసలు పంచాయితీ అమ్మ సంచి దగ్గర మొదలైంది. 365 వత్తుల కట్ట, ఉసిరికాయలు, నూనె సీసా, పులిహోర, సర్వపిండి డబ్బా, వీటికి ఎవరూ అడ్డు చెప్పలేదు. వాటి కింద గోనెసంచిలో చుట్టి పెట్టిన టేకు పీట దగ్గర బామ్మర్ది ఆగిపోయాడు.

"గిదెందుకు అత్తమ్మా? అక్కడ కూర్చునేందుకు మెట్లుంటయి కదా."

"నాకు మోకాళ్ళు ముడుసుకోవు బిడ్డా. తడి మెట్ల మీద కూసోని దీపాలెట్ల ముట్టియ్యాలె?"

పీట డిక్కీలోకి ఎక్కింది. అది మా నాయనమ్మ కాలం నాటిది. బొటనవేలంత మందం, కింద రెండు అడ్డబద్దలు, పిల్లాడు ఎత్తలేనంత బరువు.

చెల్పూరు దగ్గర థర్మల్ కేంద్రం గొట్టాలు చూసి మా చిన్నోడు మబ్బులు అక్కడే తయారవుతాయని తేల్చేశాడు. భూపాలపల్లిలో టీ తాగి బయల్దేరాం. అడవి మొదలైంది. ఏసీ బంద్ చేసి అద్దాలు దించితే టేకాకుల వాసన. బండి నేనే నడుపుతున్నాను. టప్‌మని ఏదో తగిలిన చప్పుడు, కొద్దిసేపటికి స్టీరింగు ఎడమకు గుంజడం మొదలుపెట్టింది. వెంటనే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. బండి ఆగబోయేది సరిగ్గా మలుపులో. అక్కడ ఆపితే వెనకొచ్చే ఇసుక లారీకి మనం కనపడే లోపే అది మన మీద ఉంటుంది. టైరు పోతే పోయిందని మలుపు దాటి, రోడ్డు సాఫీగా కనపడే చోటి దాకా మెల్లగా ఈడ్చుకొచ్చి పక్కకు తీశాను.

నాలుగు ఇండికేటర్లూ వేసి, అందరినీ ఎడమ తలుపుల నుంచి దింపాను. అమ్మనూ చిన్నోడినీ తీసుకుని మా ఆవిడ రోడ్డుకు దూరంగా చెట్ల కిందికి పోయింది. ఎండ ఉందనో, కాళ్ళు నొప్పులనో బండిలోనే కూర్చోబెడతారు కొందరు, అది పెద్ద ప్రమాదం. ఆగిన బండిని వెనక నుంచి గుద్దిన వార్తలు మన పేపర్లలో రాని వారం లేదు. బండితో పాటే వచ్చిన ఎర్ర ముక్కోణం బోర్డు తీసుకుని బామ్మర్ది వెనక్కి నడిచాడు. బండికి పది అడుగుల్లో పెట్టి వచ్చేయబోతే ఇంకా పో, ఇంకా పో అని మలుపు దాకా పంపాను. అది మనకు కాదు, మలుపు అవతలి డ్రైవర్‌కు కనపడాలి.

ఇక జాకీ. చక్రం పైకి లేపాక నట్లు తిప్పబోతే చక్రమే తిరుగుతుంది కాబట్టి, నేల మీద ఉండగానే వాటిని కాస్త వదులు చేసుకోవాలి. మిషన్‌తో బిగించిన నట్లు చేతికి లొంగలేదు. పానా మీద బామ్మర్ది ఎక్కి నిలబడితే ఒక్కొక్కటే కిర్రుమని కదిలాయి. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో పెట్టి, ఎదురు చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టి జాకీ తిప్పడం మొదలుపెట్టాం. జాకీ పైకి లేస్తోంది, బండి మాత్రం లేవడం లేదు. వంగి చూస్తే వానలకు నానిన రోడ్డంచు మట్టిలోకి జాకీ అడుగు దిగిపోతోంది. ఇంకో రెండు తిప్పులు తిప్పేసరికి అది పక్కకు ఒరిగింది. చేయి ఆపేశాం. కింద పెట్టడానికి బల్లపరుపు రాయి దొరుకుతుందేమోనని వెతికితే అన్నీ గుండ్రాళ్ళే.

చెట్టు కింద నుంచి అమ్మ కేకేసింది, "పీట ఉన్నది కదరా, పెట్టరాదూ!"

కూర్చునే వైపు నేలకు ఆనేలా పీటను తిరగేసి వేశాం. పైకి వచ్చిన రెండు అడ్డబద్దల మధ్య జాకీ అడుగు కొలత తీసినట్టు కూర్చుంది, ఇక జారే వీలే లేదు. బరువంతా పలక మీద పరుచుకునేసరికి మట్టి కాస్త నొక్కుకుని ఆగిపోయింది. బండి లేచింది. బామ్మర్ది నోటి వెంట మాట లేదు.

ఆ సమయానికి ఎదురుగా వస్తున్న ఖాళీ ఇసుక లారీ ఒకటి ఆగింది. క్లీనర్ కుర్రాడు దూకి వచ్చి, మేం విప్పిన టైరును మా చేతుల్లోంచి తీసుకుని బండి కిందికి తోశాడు. "జాకీ జారితే బండి టైరు మీద పడుతది సార్, మీ చెయ్యి మీద పడదు" అన్నాడు. స్టెప్నీ ఎక్కించి నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, బండి దింపాక మళ్ళీ ఒకసారి గట్టిగా బిగించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు కానీ అమ్మ ఇచ్చిన సర్వపిండి మాత్రం డ్రైవర్‌కు కూడా అడిగి తీసుకుపోయాడు. ఇసుక లారీల వాళ్ళను తిట్టడం మనకు అలవాటు. అడవిలో మన కోసం ఆగేది కూడా చాలాసార్లు వాళ్ళే.

సిగ్నల్ లేనప్పుడు ఏం చేయాలని మా ఆవిడ అడిగింది. మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా ఇంకో కంపెనీది ఉంటే 112కు ఫోన్ కలుస్తుంది. జాతీయ రహదారుల మీద సాయానికి 1033 ఉంది. ఏదీ అందకపోతే ఆ దారిన పోయే బస్సు డ్రైవర్‌కు చెప్పడమే, వచ్చే ఊళ్ళో అతనే కబురందిస్తాడు.

కాటారంలో పంచర్ దుకాణం అతను టైరు విప్పి లోపల చేయి పెట్టి తీశాడు. అరచేతి నిండా నల్లటి రబ్బరు పొడి. బయటికి గుచ్చుకున్నది వేలెడంత బోల్టే, దాన్ని ఒక్క ప్యాచ్‌తో పూడ్చేయవచ్చు. కానీ గాలి లేకుండా వచ్చిన ఆ కాస్త దూరానికే పక్క గోడ లోపలి నుంచి నలిగిపోయింది. పక్క గోడ పోయిన టైరుకు మరమ్మతు లేదు, చేస్తామన్న వాళ్ళను నమ్మకూడదు కూడా. ఇతను చేయనన్నాడు. టైరు మీది నంబర్ ఫొటో తీసి భూపాలపల్లిలో తెలిసిన దుకాణానికి పంపి, సాయంత్రానికి తీసి పెట్టమన్నాడు. ముందుకు పోవాలంటే ఇంకో ముప్పై కిలోమీటర్లు, అదీ ఇంకో స్టెప్నీ లేకుండా. ఎక్కించిన స్టెప్నీ మీద 80 కిలోమీటర్ల వేగం దాటవద్దని రాసి ఉంది, ఆ రోడ్డు మీద అరవై కూడా ఎక్కువే. వెనక్కి తిరుగుదామంది మా ఆవిడ. వెనక్కి తిరిగితే అడవి, ముందుకు పోతే కనీసం ఊళ్ళు. ముందుకే పోయాం.

మిట్టమధ్యాహ్నమైనా గోదావరి ఘాట్ నిండుగా ఉంది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు అది, కంటికి కనపడని సరస్వతి కూడా కలుస్తుందని నమ్మకం. అవతల సిరోంచ, మహారాష్ట్ర. చివర్లో బండి పార్కు చేసింది బామ్మర్ది. మూడు మునకలు వేసి పైకి వచ్చి, పొడి బట్టల కోసం బండి దగ్గరికి పోయి నిక్కరు జేబులో చేయి పెట్టాక అతని మొహం చూడాలి. కీ కూడా అతనితో పాటు త్రివేణీ సంగమ స్నానం చేసింది.

బటన్ నొక్కితే చప్పుడు లేదు. బట్టలు లోపల, మేం బయట, నీళ్ళోడుతూ, గాలికి వణుకుతూ. "అద్దం పగలగొడుదామా?" అన్నాడు పాపం. ఇలాంటి రిమోట్ కీలలో చాలావాటికి పక్కన చిన్న మీట ఉంటుంది. అది నొక్కి లాగితే లోపలి నుంచి మామూలు ఇనుప తాళం చెవి వస్తుంది. దాంతో తలుపు తెరిచాను. వెంటనే బండి ఊరంతా వినేలా కూత అందుకుంది. పిండప్రదానాలు చేయిస్తున్న అయ్యవారు కూడా మంత్రం ఆపి తిరిగి చూశారు. రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే ఇంజను అందుకుని కూత ఆగింది. బ్యాటరీ పని చేయకపోయినా లోపలి చిప్‌ను బండి అంత దగ్గర నుంచి గుర్తుపడుతుంది. తర్వాత కీ మూత తీసి, రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ బయటికి తీసి, రెండింటినీ తుడిచి ఎండలో పెట్టాం. కావలి ఉండమని బామ్మర్దినే కూర్చోబెట్టి అమ్మతో దీపాల దగ్గరికి పోయాను. పీటకు అంటిన మట్టి గోదావరిలో కడిగి, అమ్మ దాని మీద కూర్చుని తీరిగ్గా వత్తుల కట్ట వెలిగించింది.

కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తీశ్వరుడు, శివుడు. ముక్తీశ్వరుణ్ణి కొలిచిన వాళ్ళంతా ముక్తి పొందుతుంటే తనకు పని లేకుండా పోయిందని యముడు మొర పెట్టుకున్నాడట. అయితే నా పక్కనే ఉండు, ముందు నీకే పూజ అని శివుడు వరమిచ్చాడని కథ. అందుకే మొదట యముడికి మొక్కి ఆ తర్వాతే శివుడికి. ఆ రోడ్డు మీద కారు నడిపి వచ్చిన వాళ్ళెవరికీ ఈ వరసలో తప్పు కనపడదు. ముక్తీశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటాయి, వాటిలో పోసిన నీళ్ళు నేల కింద నుంచి గోదావరికి చేరతాయని చెబుతారు. చిన్నోడు ఆ రంధ్రాల వైపే చూస్తూ దర్శనమంతా గడిపాడు.

చీకటి పడేలోపు భూపాలపల్లి చేరాలని పూజ కాగానే బయల్దేరాం. మాట ఇచ్చినట్టే టైరు తీసి పెట్టారు, ఎక్కించుకుని స్టెప్నీని మళ్ళీ దాని చోట పెట్టేసరికి దీపాల వేళ దాటింది. ఇక అక్కడి నుంచి వడ్ల రోడ్డు. పగలు బంగారంలా కనపడే కుప్పలు రాత్రి నల్ల టార్పాలిన్ల కింద దాక్కుంటాయి. ఎగిరిపోకుండా అంచుల వెంట రాళ్ళు. తారు నల్లది, టార్పాలిన్ నల్లది, వీటి మధ్య బైకు మీద వచ్చేవాడికి రాయి కనపడేది అది తగిలాకే. కల్లాలు లేక, కొనుగోలు కేంద్రం వాళ్ళు తేమ ఎక్కువుందంటే రైతు మాత్రం ఎక్కడ పోస్తాడు? కానీ ఆ రాళ్ళ మీద ఒక్క మెరిసే స్టిక్కర్ ముక్క అతికించినా కొన్ని తలలు మిగులుతాయి. మేం నలభై దాటకుండా, ముందు పోతున్న ఆర్టీసీ బస్సు వెనక దూరం పాటిస్తూ వచ్చాం. ఆ డ్రైవర్‌కు ఏ కుప్ప ఎక్కడుందో కంఠతా వచ్చు.

పరకాలలో ఆగినప్పుడు కొత్త చక్రం నట్లు మరోసారి బిగించి చూశాను. ఒకటి పావు వంతు తిరిగింది.

మర్నాడు కొత్త కీ ధర కనుక్కుని వచ్చిన బామ్మర్ది, పాతదే బాగుందని, బటన్ మీద కాస్త బలంగా నొక్కితే మూడుసార్లకు ఒకసారి పలుకుతోందని చెప్పాడు.