గంగమ్మ గుడి దగ్గర ఒక పడమటి గోడ

మే నెలలో తిరుపతిలో గోడకి బొమ్మ వేయమని అడిగితే, ఒప్పుకునే ముందు ఒకటే అడిగాను: గోడ ఎటు చూస్తుంది? పడమర అన్నారు. సరే అన్నాను. పడమటి గోడకి మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది. ఆ తర్వాత అది పెనమే, చెయ్యి ఆనించలేం.

మాది విశాఖ. సముద్రపు గాలికి ఎమల్షన్ (నీళ్ళు కలిపి గోడకి వేసే రంగు) ఎప్పుడు ఆరుతుందా అని కూర్చునే అలవాటు నాది. ఇక్కడ మగ్గులోనే పైన పొర కట్టేస్తుంది, బ్రష్షు వెంట్రుకలు అతుక్కుపోతాయి. అలాగని నీళ్ళు ఎక్కువ పోస్తే ఆరాక పొడి రాలుతుంది. 40 కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్ళకి ఈ ఎండ కావాలి, కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డ ఆరాలి కదా. నాకు మాత్రం వద్దు. తెల్లారకముందే మొదలుపెట్టి, రంగు కొంచెం కొంచెంగా కలుపుకుంటూ, పదింటికల్లా బ్రష్షులు కడిగేసేదాన్ని.

గోడ తాతయ్యగుంట గంగమ్మ గుడికి దగ్గర్లో ఒక సందులో ఉంది. బస్టాండులో దిగి, అలిపిరి మీదుగా కొండెక్కి, దిగి వెళ్ళిపోయేవాళ్ళకి ఈ వైపు పనుండదు. ఆటోల పొగ, తవ్వి వదిలేసిన రోడ్డు అంచు, దుమ్ము. తడి రంగు మీద ఆ దుమ్ము పడితే గోడంతా గరగరలాడుతుంది. ఎదురింటి అక్క దీనికి మందు కనిపెట్టింది: తన వాకిట్లో కల్లాపి చల్లే బకెట్టుతోనే నా గోడ ముందు కూడా చల్లేసేది.

ఓనరు గారికి అసలు కావలసింది కాపలా. "శ్రీవారి నామాలు వేసెయ్ మా, ఒక్కడూ ఆడ నిలబడడు" అన్నారు. ఎవరు, ఎందుకు నిలబడుతున్నారో వాసనే చెబుతోంది. దేవుణ్ణి ఆ డ్యూటీకి పెట్టడం నాకు ఇష్టం ఉండదు. దేవుళ్ళ టైల్స్ అతికించిన గోడలు ఎన్ని చూడలేదు! పక్క గోడ తడుస్తుంది, అంతే.

"అయితే ఏం వేస్తావు?"

"గంగమ్మ జాతర వేషాలు."

ఆయన కాసేపు ఆగి, "నేనూ తోటి వేషం కట్టినోణ్ణే" అన్నారు. బేరం కుదిరింది.

ఆడవాళ్ళని వేధించే పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ మారువేషాలు వేసిందని కథ. అందుకే మేలో వచ్చే జాతరలో ఊరు రోజుకో రంగు పూసుకుంటుంది. బైరాగికి తెల్లని నామకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకి గంధం. మగవాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. నా బ్యాగులోని నీలం, ఆకుపచ్చ డబ్బాల మూత తియ్యలేదు. ఈ నాలుగు రంగులే చాలు. మిట్టమధ్యాహ్నపు వెలుగులో కూడా సందు ఆ చివర నుంచి కనబడతాయి. ఈ ఎండ సంగతి తెలిసినవాళ్ళే వీటిని ఎంచుకున్నారని నా అనుమానం.

నలుపు దగ్గరే చిక్కొచ్చింది. డబ్బా నలుపు మరీ మెరుస్తోంది. ఇస్త్రీ బండి అన్న దగ్గర బొగ్గు తెచ్చి, నూరి, జల్లించి మ్యాట్ ఎమల్షన్‌లో కలిపాను. తోటి భుజం మీద గరుకుగా, ఒంటికి పూసుకున్నట్టే నిలిచింది. ఇస్త్రీ అన్న వచ్చి చూశాడు. "యాక్కా, మన బొగ్గేనా ఇది? కంటి కింద కొంచెం కారినట్టు పెట్టు. చెమట పడతాది కదా" అన్నాడు. పెట్టాను. ముఖానికి ప్రాణం అప్పుడొచ్చింది.

జాతర చివర్లో గుడి దగ్గర మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. తర్వాత ఆ ముఖం చెంప తీసేసి, మట్టిని జనానికి పంచుతారు. దానికోసం ఒకటే తోపులాట. అంత పెద్ద ముఖం చేసి, దాన్ని విడగొట్టి ఇచ్చేస్తారు! మేమేమో గోడ మీద ఎవడో పోస్టరు అంటించాడని వారం రోజులు ఏడుస్తాం.

గోడ తడవడం ఆగిందా అంటే, తగ్గింది. రాత్రిపూట నల్లటి తోటి కనబడడు కదా. పోస్టరు కూడా పడింది, ఏదో కోచింగ్ సెంటరుది, సరిగ్గా దొర కాళ్ళ దగ్గర. ఓనరు గారు తడిగుడ్డతో రుద్ది పీకేశారు. పీకేసి, ఆ ఖాళీలో తన టైలరింగ్ షాపు ఫోన్ నంబరు రాయమన్నారు. రాశాను. నా సంతకం కంటే పెద్దగా ఉంది.