రెండు గుర్రాల డిఫెన్స్‌తో ఒక కరస్పాండెన్స్ గేమ్: నా అనుభవం

కరస్పాండెన్స్ చెస్ అంటే ఎదురెదురుగా కూర్చోకుండా, ఎత్తులు ఒక్కొక్కటిగా పంపుకుంటూ రోజుల తరబడి ఆడే చెస్. దాన్ని నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఐసీసీఎఫ్ గేముల్లో సాధారణంగా 10 ఎత్తులకు 50 రోజులు ఇస్తారు. మిగిల్చుకున్న రోజులు తర్వాతి పదికి కలుస్తాయి. అందుకే తెలిసిన ఎత్తులు వెంటవెంటనే పంపేసి, దారి చీలే చోట వారం కూర్చుంటాను.

ఈసారి నల్లపావులు నావి, రెండు గుర్రాల్నీ ముందే బయటికి తెచ్చే డిఫెన్స్ ఆడాను. 5254 5755, 7163 2836, 6134 7866, 6375. ముందు రెండంకెలు పావు బయల్దేరిన గడి, వెనక రెండు చేరిన గడి. నిలువు వరుస ముందు (a నుంచి h దాకా 1 నుంచి 8), అడ్డ వరుస తర్వాత. చెన్నైలో రాజాజీ సాలై జీపీఓలో (పెద్ద పోస్టాఫీసులో) ఎత్తు రాసి వేసిన కార్డును ఏ దేశంవాళ్లయినా చదువుకోగలిగిన రాత ఇది.

గుర్రం 75కి దూకిందంటే గురి 67 బంటు మీదే. 4745తో బిషప్ దారి మూశాను, ప్రత్యర్థి 5445తో బంటును తిన్నాడు. ఇక్కడ 6645తో తిరిగి తినబుద్ధవుతుంది, చాలామంది అక్కడే మునుగుతారు. గుర్రం 67ను కొట్టి, నల్లరాజును బోర్డు మధ్యకు లాగేస్తుంది.

నేను 2725 ఆడాను. దాన్ని బిషప్ తింటే, క్వీన్ 45కి వచ్చి బిషప్‌నూ 72 బంటునూ ఒకేసారి పట్టుకుంటుంది. అందుకే సరైన జవాబు 3461. బిషప్ పుట్టింటికి పోయినట్టు కనిపిస్తుంది గానీ, అక్కడినుంచే 72ను కాస్తూ 25 మీద కన్నేసి ఉంటుంది.

తర్వాత 3644 3233, 6645 7554. 1965లో మొదలైన ఐదో ప్రపంచ కరస్పాండెన్స్ ఛాంపియన్‌షిప్‌లో సోవియట్ ఆటగాడు ఎస్త్రిన్ మీద అమెరికన్ బెర్లినర్ ఇక్కడే 4884 ఆడి గెలిచాడు, టైటిల్ కూడా అతనిదే. ఎస్త్రిన్ ఈ ఓపెనింగ్‌లో పండితుడు! అంతమాత్రాన పాత గేముల డేటాబేస్‌లో నల్లవాళ్ల గెలుపు శాతం చూసి ఆ బాట పట్టకూడదు. ప్రతి గేమునూ చివరినుంచి వెనక్కి నడిపి, ఓడినవాళ్లు తప్పింది ఓపెనింగ్‌లోనా, ఎండ్‌గేమ్‌లోనా అని చూడాలి. కొత్త కరస్పాండెన్స్ గేముల్ని విడిగా వడకట్టాలి. నేను 4456 ఎంచుకున్నాను. 6125 చెక్‌తో బంటు పోతుంది, 3847తో అడ్డుకోవాలి. పావులు త్వరగా బయటికొస్తాయి, నాకది చాలు.

ఐసీసీఎఫ్‌లో ఇంజిన్ (ఎత్తులు లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) వాడవచ్చు. లీచెస్, చెస్.కామ్ సైట్ల రోజువారీ గేముల్లో వాడకూడదు, పుస్తకాలు, డేటాబేస్ చూడవచ్చు. షరతు ఎత్తులు (‘అవతలివాళ్లు ఇది ఆడితే నాది ఇది’ అని ముందే పెట్టేవి) మాత్రం అవతలివాళ్లకు ఒక్కటే మంచి జవాబు ఉన్నప్పుడే పెట్టండి. ఒకసారి జవాబు పడిందంటే మీ ఎత్తు దానంతటదే వెళ్లిపోతుంది, వెనక్కి తీసుకోవడం కుదరదు.