కంపెనీ పేరు అడిగినందుకు కోప్పడ్డాడు

"ఏ కంపెనీ లాప్‌టాప్ ఎక్కువ కాలం వస్తుందండీ?" అని జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపాయనను అడిగితే తల కూడా ఎత్తకుండా అన్నాడు: "కంపెనీ సంగతి నన్నడక్కండి. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరు వాడారో అడగండి."

చిరాకు పుట్టే జవాబే. మన దగ్గర కంపెనీ అడగడం తెలివితక్కువతనమేమీ కాదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో ఏ షాపు మెట్లెక్కినా ముందు నడిచేది కంపెనీ మాటే. అక్కడ ఆ ప్రశ్నకు అసలు అర్థం వేరు: పాడైతే పార్టు దొరుకుతుందా, మన కళ్ళముందే విప్పి బాగుచేసేవాడు పక్క సందులో ఉన్నాడా అని. జర్మనీలో ఆ పక్క సందు లేదు. విప్పించే కూలీ పాత మెషీన్ ఖరీదుతో పోటీ పడుతుంది. కాబట్టి ఇక్కడ అడగాల్సింది మనమే విప్పుకోగలమా అని. ఆయన మాటలో విషయముంది, చెప్పిన తీరే బాగాలేదు.

పెద్ద కంపెనీలు రెండు రకాల సరుకు చేస్తాయి. పాతవాటి మీద కనిపించే పేర్లివి. లెనోవోకు ఐడియాప్యాడ్, థింక్‌ప్యాడ్. హెచ్‌పీకి పెవిలియన్, ఎలైట్‌బుక్. డెల్‌కు ఇన్‌స్పిరాన్, లాటిట్యూడ్. మొదటివి ఇంట్లోకి, రెండోవి ఆఫీసులకి. ఇంటి రకం చవకవాటిలో ముందుగా పోయేది మడత బందు. బందు స్క్రూలు ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లలోకి దిగుతాయి. మూత తెరిచి మూసే కొద్దీ ప్లాస్టిక్ పగిలి, నట్టు నట్టుగానే ఊడి వస్తుంది. ఇక ఎంత బిగించినా నిలవదు. ఆఫీసు రకాల్లో ఆ చోటుకి సాధారణంగా లోహపు దన్ను ఉంటుంది. పెద్ద సంస్థలు వీటిని మూడు నాలుగేళ్ళు అద్దెకు వాడి, వందల లెక్కన ఒకేసారి తిరిగిస్తాయి. ఆ షాపాయన అడగమన్నది దీని గురించే.

స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకి బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకింత చొప్పున తీసుకునే ఖాతా) నుంచి నెలకు చేతికొచ్చేది 992 యూరోలు. గది అద్దె, ఇన్సూరెన్సు పోగా లాప్‌టాప్‌కి 300, మహా అయితే 400. ఆ డబ్బుకి కొత్తది కొంటే తరచుగా దొరికేది బోర్డుకే అతికించిన 8 జీబీ ర్యామ్, డొక్కు స్క్రీన్. అదే డబ్బుతో థింక్‌ప్యాడ్ టి480, లాటిట్యూడ్ 5400, ఎలైట్‌బుక్ 840 జి5 లాంటివి చూసుకోవచ్చు. మూడూ ఎక్కువగా ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లవి. టి480, 840 జి5లలో ఏడో తరానివీ కొన్ని ఉంటాయి, చూసుకోవాలి. విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది దాదాపుగా అక్కణ్ణుంచే. ఏడో తరం టి470 బాగా చవగ్గా కనిపిస్తుంది కానీ, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. విండోస్ బదులు లినక్స్ వేసుకునేవాళ్ళకైతే అదీ బేరమే.

ఈ మూడింటిలోనూ ర్యామ్‌కి రెండు స్లాట్లున్నాయి. టి480 తర్వాత వచ్చిన టి490లో ఒకటి బోర్డుకి అతికించేశారు. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లో మొత్తం అతికించిందే, 8 జీబీది కొంటే పోయేదాకా 8 జీబీయే. తేలిగ్గా ఉందని మనవాళ్ళు దాని వెంట పడతారు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి "తర్వాత వేయించుకుందాం" అనుకోకుండా 16 ఉన్నదే తీసుకోవాలి.

టి480కి బ్యాటరీలు రెండు: లోపల ఒకటి, వెనక ఊడదీయగలిగేది ఒకటి. వెనకది అరిగితే ఇంకోటి తగిలించుకోవడమే. దీనికీ తద్దినాలున్నాయి. కొన్నిట్లో 1366x768 నాసిరకం స్క్రీన్ వస్తుంది, పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడతాయి, ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ అని రాసి ఉంటేనే కొనాలి. రెండోది, యూఎస్‌బీ-సీ పోర్టుని నడిపే థండర్‌బోల్ట్ చిప్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) లోపం. అప్‌డేట్ చేయనివాటిలో యూఎస్‌బీ-సీ పోర్టు చచ్చిపోవచ్చు. లెనోవో సైటులో దీనికి అప్‌డేట్ ఉంది, కొన్న రోజే వేసేయాలి. ఎలైట్‌బుక్‌లో ష్యూర్ వ్యూ అనే స్క్రీన్ ఉన్నది వద్దు. పక్కవాళ్ళకి కనిపించకూడదని చేసిన తెర, ఎదురుగా కూర్చున్నవాడికీ మసకగానే ఉంటుంది.

"ఎ గ్రేడ్" అని దుకాణాలు రాసే మాట పైపై గీతల గురించే తప్ప బ్యాటరీ గురించి కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో తయారీనాటి కెపాసిటీ, ఇప్పుడు నిండేది పక్కపక్కన ఉంటాయి. 70 శాతం కంటే తక్కువైతే ఆ మేరకు ధర తగ్గించమనాలి. తర్వాత ఆన్ చేస్తూనే, విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళ్ళి చూడాలి, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేయండి. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పోతే లెనోవో చెప్పే మందు బోర్డు మార్చడమే. ఆఖరున విండోస్ రీసెట్ చేసి వైఫైకి కలపాలి. ఏదో కంపెనీ పేరుతో సైన్-ఇన్ అడిగిందంటే అది ఇంకా పాత యజమాని ఖాతాలోనే ఉన్నట్టు. ఇదంతా షాపు బల్ల మీదే చేస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడతాం. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

ఏ లోపమూ చూపకుండా ఊరికే బేరం చేస్తే మాత్రం వింతగా చూస్తారు. బ్యాగూ మౌసూ ఫ్రీగా ఇవ్వరు. అయితే మన దగ్గర లేనిది ఒకటుంది: ఆన్‌లైన్లో దుకాణం నుంచి కొంటే 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కివ్వచ్చు. షాపుకెళ్ళి చేత్తో కొన్నదానికి చట్టం ఆ హక్కు ఇవ్వదు, ఇది చాలామందికి తెలియదు. లోపాలకి అమ్మినవాడి బాధ్యత కొత్తవాటికి రెండేళ్ళు, పాతవాటికి దాన్ని ఏడాదికి తగ్గించుకోవచ్చు. మొదటి ఏడాదిలో లోపం బయటపడితే, అమ్మిననాడు అది లేదని నిరూపించుకోవాల్సింది అమ్మినవాడే. "నువ్వే కింద పడేసి ఉంటావ్" అని ఊరికే నోరు మూయించడం కుదరదు. ఒప్పుకోక తప్పదు, ఇది చూస్తే ఈర్ష్య కలుగుతుంది. దుకాణం కాకుండా మామూలు వ్యక్తి దగ్గర నేరుగా కొంటే ఆ 14 రోజులూ లేవు, ఆ నిరూపణ నియమమూ లేదు, లోపాల బాధ్యతనీ వదిలించుకోవచ్చు. "బాధ్యత లేదు" అని ఒక్క వాక్యం రాసి తప్పుకుంటారు.

మిగిలింది కీబోర్డు. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ తారుమారు. మీసాల బ్రాకెట్ ({) కావాలంటే ఆల్ట్‌జీఆర్ పట్టుకుని 7, మూయడానికి 0. కోడ్ రాసేవాడి వేళ్ళు వారంలో నొప్పెడతాయి. విండోస్‌లో ఇంగ్లీష్ లేఅవుట్ పెట్టుకుని మీట మీద ఏముందో చూడకుండా కొట్టడం అలవాటు చేసుకోవచ్చు.

సెలవులకి ఇండియా వెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళకి ఇచ్చేద్దామనుకుంటే, 18 నిండిన ప్రయాణికుడికి ఒక లాప్‌టాప్‌కి కస్టమ్స్ సుంకం లేదు. ఛార్జర్ మీద 100-240 వోల్టులని ఉంటే గోడకి పెట్టే తీగ ఒక్కటి అక్కడ కొంటే చాలు. ఇచ్చేముందు కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో కాపీ సెట్టింగ్స్ నొక్కి, ఇంగ్లీష్ లేఅవుట్ వెల్‌కమ్ స్క్రీన్‌కి కూడా వర్తించేలా టిక్కు పెట్టండి. లేదంటే అక్కడ పొద్దున్నే ఆరింటికి, ఇక్కడ చలికాలపు రాత్రి ఒకటిన్నరకి ఫోన్ మోగుతుంది: "ఒరే, పాస్‌వర్డ్ తప్పంటోందిరా."