ఓటర్ల జాబితా సరిచూసిన నెల రోజులు

మా యూనివర్సిటీ సిబ్బంది యూనియన్ ఎన్నికలు మొన్న శుక్రవారంతో అయిపోయాయి. ఎవరు గెలిచారో నోటీసు బోర్డులో పెట్టేశాం కాబట్టి ఆ పేర్లు మళ్ళీ ఇక్కడ రాయను. నేను చెప్పాలనుకుంటున్నది ఓటర్ల జాబితా గురించి. ఎన్నికల కమిటీలో ముగ్గురం ఉంటే ఆ పని నా మీద పడింది, నెల రోజుల పాటు రోజూ సాయంత్రం డ్యూటీ దిగాక అదే పట్టుకుని కూర్చున్నాను.

యూనివర్సిటీ అనగానే ప్రొఫెసర్లు, విద్యార్థులు గుర్తొస్తారు. మేం మిగతావాళ్ళం. పరీక్షల విభాగంలో మార్కుల షీట్లు తయారుచేసేవాళ్ళు, లైబ్రరీ కౌంటర్లో కూర్చునేవాళ్ళు, ల్యాబ్ టెక్నీషియన్లు, హాస్టళ్ళలో నీళ్ళూ కరెంటూ చూసేవాళ్ళు, రాత్రి గేటు దగ్గర కాపలా ఉండేవాళ్ళు. ఫ్యాక్టరీ అయితే షిఫ్టు మారే వేళకి గేటు దగ్గర నిలబడితే చాలు, అందరూ కనబడతారు. ఇక్కడ అలా కాదు, ఒక్కో భవనం ఒక్కో ఊరు, ఒకే క్యాంపస్‌లో పదేళ్ళు పనిచేసి ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు ఉన్నారు. అందరం ఒకచోట కలిసేది కాగితం మీదే, అంటే ఆ జాబితాలోనే.

జాబితా చేతికి వచ్చిన మొదటి రోజే అర్థమైంది, ఇది చాలా పాతబడిపోయిందని. ఇల్లు మారినవాళ్ళకి పాత అడ్రసులే ఉన్నాయి, ఒకావిడ పేరు పెళ్ళికి ముందుది ఒకసారి, తర్వాతది ఒకసారి, మొత్తం రెండుసార్లు ఉంది. వేరే విభాగానికి బదిలీ అయినవాళ్ళు పాత విభాగంలోనే ఉన్నారు. రిటైరయినవాళ్ళకి మా నియమావళి ప్రకారం ఓటు లేదు, వాళ్ళ పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఇవన్నీ సరిచేయడానికి నాకు దొరికిన ఒకే ఒక్క ఆధారం మా నెలవారీ బులెటిన్ చివరి పేజీ. అదే, సభ్యుల కబుర్లు. పెళ్ళిళ్ళు, పిల్లలు, బదిలీలు, రిటైర్మెంట్లు, చావులు. ఇన్నేళ్ళూ నేను ఆ పేజీ పైపైన చూసి వదిలేసేదాన్ని, జీతాల చర్చలు ఎంతవరకు వచ్చాయో ఒక్కటే చదివేదాన్ని. ఈ నెలలో పాత సంచికలన్నీ ముందేసుకుని వరుసగా ఆ పేజీలే చదివాను.

అందులో రానివి కూడా ఉంటాయి కదా. వాటికి ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఒక ఇంటికి చేస్తే ఆయన భార్య తీశారు. ఫలానా యూనియన్ నుంచండీ, అడ్రసు అదేనా అని సరిచూసుకుంటున్నాం అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆయన పోయి రెండు నెలలయింది అమ్మా. మీ దగ్గర పేరు ఇంకా ఉందా?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. ఆయన గేటు దగ్గర రాత్రి డ్యూటీలో చాలా ఏళ్ళు చేసిన మనిషి, చందా ఒక్క నెల కూడా బాకీ లేదు, రిజిస్టరులో ఆ వరుసంతా టిక్కులే. మా తరఫున ఒక్కరు కూడా వాళ్ళింటికి వెళ్ళలేదు, బులెటిన్‌లో ఒక్క ముక్క రాలేదు. ఎవరూ కావాలని చేసింది కాదు. రాత్రి డ్యూటీ వాళ్ళ కబురు పగటి ఆఫీసుకి చేరవేసే మనిషి లేరు, అంతే. ఆ రోజు మరి ఇంకో ఫోన్ చేయలేకపోయాను.

అడ్రసుకి ఇంత పట్టింపు ఎందుకని కమిటీలోనే ఒకరు అడిగారు. నేను అమెరికా ఉదాహరణ చెప్పాను. అక్కడ యూనియన్ల ఎన్నికలకి 1959లో చేసిన ఒక చట్టం ఉంది. ఎన్నికలకి కనీసం 15 రోజుల ముందు ప్రతి సభ్యుడికీ, తెలిసినంతలో ఆఖరి ఇంటి అడ్రసుకి, నోటీసు పోస్టులో పంపాలని అందులో రాసి ఉంది. స్థానిక యూనియన్ మూడేళ్ళకొకసారైనా రహస్య బ్యాలెట్‌తో ఎన్నిక జరపాలి, బ్యాలెట్ కాగితాలు ఏడాది పాటు భద్రపరచాలి. యూనియన్ డబ్బు గానీ యజమాని డబ్బు గానీ ఏ అభ్యర్థి ప్రచారానికీ వాడకూడదు. ఈ చివరిది మేమూ గట్టిగానే పాటించాం, ఒక అభ్యర్థి తన విభాగం ప్రింటర్లో కరపత్రాలు తీస్తే వెనక్కి తీసుకోమన్నాం, ఆయనా ఏమీ అనుకోకుండా తీసేసుకున్నారు. నోటీసు అందని మనిషికి ఎన్నికే జరగనట్టు. అందుకే అడ్రసు.

నలుగురైదుగురి ఓట్లతో ఏమవుతుందిలే అనేవాళ్ళకి నేను అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ సంగతి చెబుతుంటాను. అది ఆఫీసు బేరర్ల ఎన్నిక కాదు, అసలు యూనియన్ కావాలా వద్దా అని 1988 మేలో అక్కడి క్లరికల్, టెక్నికల్ సిబ్బంది వేసిన ఓటు. కావాలన్నవాళ్ళు 1,530, వద్దన్నవాళ్ళు 1,486. తేడా 44. మూడు వేల పైచిలుకు మందిలో 44 అంటే ఒక పెద్ద ఆఫీసులో ఒక అంతస్తు జనం. కావాలన్నవాళ్ళలో అంతమంది ఓటు వేయకుండా ఉండిపోయి ఉంటే ఆ యూనియన్ అప్పుడు వచ్చేదే కాదు.

మా లెక్కింపు రోజు సంగతి కూడా చెప్పాలి. ఓట్లు పోస్టులో తీసుకున్నాం, రెండు కవర్ల పద్ధతి. లోపలి కవర్లో బ్యాలెట్, దాని మీద ఏ పేరూ ఉండదు. బయటి కవరు మీద సభ్యుడి పేరు, సంతకం. ముందు బయటి పేరు జాబితాతో సరిచూసి టిక్కు పెడతాం, తర్వాత లోపలి కవర్లన్నీ ఒక పెట్టెలో వేసి బాగా కలిపేస్తాం, అప్పుడే విప్పుతాం. అలా విప్పుతుంటే ఒక బ్యాలెట్ కింద కుడిచేతి వైపు పొందిగ్గా సంతకం, దాని కింద తేదీ. బతుకంతా ఆఫీసు కాగితాల మీద అదే చోట సంతకం పెట్టిన చెయ్యి. ఎవరిదో చూడగానే తెలిసింది, అది ఎప్పటికీ ఎవరికీ చెప్పను. ఆ ఓటు చెల్లదని ముగ్గురం ఒకే మాట అన్నాం, రెండు వైపుల ఏజెంట్లూ ఒప్పుకున్నారు. మనసుకి కష్టంగానే ఉంది. కానీ సంతకం ఉన్న బ్యాలెట్‌ని ఒక్కసారి లెక్కలోకి తీసుకుంటే, వచ్చేసారి ఏ సూపర్‌వైజరో, మనలోనే ఏ నాయకుడో, "సంతకం పెట్టి పంపు, నువ్వు ఎవరికి వేశావో తెలియాలి" అంటే ఆపడం మన వల్ల కాదు. కోశాధికారి పదవి ఆరు ఓట్ల తేడాతో తేలింది, ఆ ఒక్కటీ ఫలితాన్ని మార్చేది కాదు. వచ్చేసారి "బ్యాలెట్ మీద సంతకం వద్దు" అని లోపలి కవరు మీదే పెద్ద అక్షరాలతో వేయిస్తున్నాం.

అన్నట్టు, కోశాధికారికి ఈసారి పోటీ జరగడమే నాకు పెద్ద విశేషం. అధ్యక్ష పదవికి ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు నిలబడతారు, లెక్కలు చూసే పనికి మాత్రం ఎవరినో బతిమాలి ఏకగ్రీవం అనిపించేవాళ్ళం. ఏకగ్రీవం అంటే మనవాళ్ళు ఐకమత్యం అని మురిసిపోతారు గానీ నాకు నచ్చదు. పోటీ ఉంటేనే అభ్యర్థి భవనం భవనం తిరుగుతాడు, చందా డబ్బు ఎక్కడికి పోతోందో నలుగురి ముందు చెబుతాడు. ఈసారి ఇద్దరూ తిరిగారు, రాత్రి డ్యూటీ వాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళారు. ఓడినావిడ లెక్కింపు అయ్యాక గెలిచినాయనకి పాత రసీదు పుస్తకాలు ఎక్కడ ఉంటాయో చూపిస్తూ గంటసేపు ఉండిపోయారు.

కొత్త ప్రధాన కార్యదర్శి మొదటి మీటింగ్‌లోనే నా మాట ఒకటి ఒప్పుకున్నారు. ప్రతి భవనానికీ, ప్రతి షిఫ్టుకీ ఒక మనిషి ఉంటారు, నెలాఖరుకి వాళ్ళ దగ్గరి కబుర్లు పంపిస్తారు. ఎవరు ఇల్లు మారారు, ఎవరికి ఆపరేషన్ అయింది, ఎవరింట్లో పాప పుట్టింది, అన్నీ. రాత్రి షిఫ్టుకి ఇద్దరు ముందుకొచ్చారు.

ఈ నెల పేజీ నేనే రాస్తున్నాను. ఎలక్ట్రికల్ విభాగంలో ఒక బదిలీ, పరీక్షల విభాగంలో కవల పిల్లలు, లైబ్రరీలో 31 ఏళ్ళ సర్వీసు తర్వాత ఒక రిటైర్మెంట్. అన్నిటికంటే పైన ఆ గేటు దగ్గరి ఆయన గురించి. ఆయన ఫొటో మా దగ్గర లేదు. వాళ్ళింటికి ఫోన్ చేసి అడిగాను, ఆదివారం వస్తే ఇస్తామన్నారు. కొత్త అధ్యక్షుడూ నేనూ వెళ్తున్నాం.