సీజర్ కన్నా ముందే రోము చేరిన భయం

క్రీ.పూ. 49 జనవరిలో రోమన్ సేనాని జూలియస్ సీజర్ ఒక్క పదమూడవ దళంతో, ఇటలీకి ఎల్లగా ఉన్న రూబికాన్ నదిని దాటాడు. సేనతో ఆ ఎల్ల దాటడమంటే తిరుగుబాటే. రోము అక్కడికి ఇంకా ఎన్నో రోజుల నడక. వరదల కాలంలో మా కోనసీమ ఊళ్లలో ఏటిగట్టు తెగిందన్న కబురు నీటికన్నా ముందే వచ్చి జనాన్ని లేపినట్టు, సీజర్ వస్తున్నాడన్న వార్తే రోమును ఖాళీ చేయించింది. సీజర్‌ను ఎదిరించిన పక్షానికి సేనాని అయిన పాంపే, ఆ ఏటి అత్యున్నత పాలకులైన ఇద్దరు కాన్సుళ్లు, సెనేటర్లలో చాలామంది ఖజానాను సైతం సాటర్న్ ఆలయంలోనే వదిలి దక్షిణానికి తరలిపోయారు. డబ్బు తీయడానికి వెళ్లిన కాన్సుల్ లెంటులస్ వదంతి విని పరుగందుకున్నాడని సీజరే రాశాడు. ప్రత్యర్థి రాసిన మాట గనుక కొంత తగ్గించి చదువుకోవాలి.

ఇంత బెదురుకు సీజర్ సైన్యం కన్నా జ్ఞాపకమే పెద్ద కారణమని నా అభిప్రాయం. క్రీ.పూ. 82లో అంతర్యుద్ధం గెలిచిన రోమన్ సేనాని సుల్లా, తన శత్రువుల పేర్లు బహిరంగంగా ప్రకటించి, వారిని చంపినవారికి బహుమతులిచ్చి, వారి ఆస్తులను వేలం వేయించాడు. అదంతా కళ్లారా చూసినవారు ఇంకా బతికే ఉన్నారు. పైగా రోములో ఆగిపోయినవారిని శత్రువులుగానే లెక్కిస్తానని పాంపే హెచ్చరించడంతో, ఉన్నా భయమే, వెళ్లినా భయమే అయింది.

ఆ సందిగ్ధం రోమన్ రాజకీయ నాయకుడు, వక్త సిసెరో తన ఇంటివారికి రాసిన ఉత్తరాల్లో బాగా కనిపిస్తుంది. భార్య టెరెన్షియా, కూతురు టుల్లియా రోములోనే ఉన్నారు. అల్లుడు డోలబెల్లా సీజర్ పక్షాన ఉన్నాడు కాబట్టి సీజర్ మర్యాదగా ప్రవేశిస్తే వారికి ప్రమాదం లేదని ఒక పక్క లెక్క వేస్తూనే, దోపిడీ జరిగితే అల్లుడు కూడా కాపాడలేడేమోనని ఆయన కలవరపడ్డాడు. తమ అంతస్తు స్త్రీలు ఏం చేస్తున్నారో కనుక్కోమన్నాడు, ఇంటికి అడ్డుకట్టలు, కాపలా పెట్టించమన్నాడు. దేశ రాజకీయాలను శాసించిన మనిషికి చివరికి మిగిలిన చింత వీధి తలుపు గురించే.

ఫిబ్రవరిలో ఇటలీలోని కోర్ఫీనియం పట్టణం లొంగిపోయినప్పుడు, అక్కడ చిక్కిన ప్రత్యర్థి సేనాని డొమీషియస్‌నూ తోటి సెనేటర్లనూ సీజర్ ప్రాణాలతో వదిలేశాడు. డొమీషియస్ డబ్బు కూడా తిరిగి ఇచ్చేశాడు. దాంతో పల్లెపట్టణాల భయం తగ్గి, సీజర్ మీద గురి కుదరసాగింది. అక్కడివారికి పొలాలు, చిన్న ఇళ్లు, నాలుగు నాణేలు తప్ప మరేదీ పట్టదని సిసెరో తన మిత్రుడు అట్టికస్‌కు ఈసడింపుగా రాశాడు. రైతుల మధ్య పెరిగినవాడిని గనుక నాకు ఆ ఈసడింపు రుచించలేదు. అలా రాసిన పెద్దమనిషికి సైతం ఇటలీలో ఒకటికి నాలుగు తోట ఇళ్లున్నాయి.