కాలువ ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఉండాలి

మా వంతెన సెంటర్లో ట్రాఫిక్ గురించి ఎవరు మొదలుపెట్టినా చివరికి తేలేది ఒక్కటే: "ఫ్లైఓవర్ పడితే గానీ ఇది బాగుపడదండీ." పదహారో నంబరు హైవే మీద రాజమండ్రి పక్క మోరంపూడిలోనో జొన్నాడలోనో ఆ మాటంటే అర్థముంది, అక్కడ ఎక్కడా ఆగకుండా పోవాల్సిన దూరపు లారీలు వచ్చి ఊరి బళ్లలో ఇరుక్కునేవి. భీమవరం, పాలకొల్లు, తణుకు శివార్లలో కాలువ వంతెన పట్టుకుని పెరిగిన సెంటర్లకి ఫ్లైఓవర్ ఏంటండీ? స్తంభాలెక్కడ పాతుతారు, కాలువలోనా? వెడల్పు చెయ్యడం సంగతీ అంతే. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క జనాల గుమ్మాలు.

ఇక్కడి చిక్కు రోడ్డు ఇరుకు కావడం కంటే సెంటర్ ఆకారంలో ఎక్కువుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ తరవాత గోదావరి డెల్టా అంతా పరుచుకున్న కాలువలు సాగుకే కాదు, పడవలకి కూడా. కిందనుంచి పడవ పోవాలి కాబట్టి పాత వంతెనలు నడుమ ఎత్తుగా కట్టారు. బళ్ల దారులేమో గట్ల మీద వచ్చి పడ్డాయి. దాంతో మనం "సెంటర్" అని పిలిచే చోట నిజానికి ఉన్నవి రెండు కూడళ్లు, ఈ గట్టు మీద ఒకటి, ఆ గట్టు మీద ఇంకోటి, నడుమ నాలుగైదు కార్లు పట్టే వంతెన. నాలుగు రోడ్ల కూడలిలో ఒక బండి దారి ఇంకో బండి దారిని దాటే, కలిసే, విడిపోయే చోట్లు 32 అని ఇంజనీరింగ్ పుస్తకాల లెక్క. మనకి అలాంటివి కూతవేటు దూరంలో రెండున్నాయి.

సాయంత్రం అయిదున్నరకి చూడండి. రొయ్యల వ్యాను ఒకటి నీళ్లు కార్చుకుంటూ వంతెన ఎక్కుతుంది, ఎదురుగా కాలేజీ బస్సు, ఎత్తు వల్ల ఒకరికొకరు పైదాకా వచ్చేవరకూ కనపడరు. ఇద్దరికీ పక్కన మిగిలిన జానెడు సందులోకి బైకులు దూరిపోతాయి, ఇక వెనక్కి రావడానికి కూడా దారుండదు. "ఎనక్కి తియ్యి బాబూ" అని ఈయన, "నా ఎనక పది బళ్లున్నాయండీ, నువ్వే తియ్యి" అని ఆయన. చివరికి బొండాలు కొట్టే మనిషి కత్తి చేతిలో పట్టుకునే వచ్చి అందర్నీ సర్దుతాడు. ఆ కత్తి చూసైనా కొంచెం మాట వింటారు లెండి.

సిగ్నల్ పెడితే పోతుందంటారు. పెట్టొచ్చు, కానీ సిగ్నల్ రోడ్డుని పెంచదు, ఉన్న రోడ్డుని వంతులేసి పంచుతుంది, అంతే. మన దగ్గర సిగ్నల్ డిజైన్‌కి వాడే లెక్కలో స్టాప్ లైన్ దగ్గర దారి వెడల్పు మీటరుకి, పచ్చలైటు వెలిగే గంటకి, 525 కార్లకి సమానమైన బళ్లు పోతాయని వేసుకుంటారు. ఏడున్నర మీటర్ల దారిలో ఆటోలు, అరటిపళ్ల బండి కలిసి రెండు మీటర్లు తినేశాయనుకోండి, పచ్చలైటు గంటకి 1050 పోయినట్టే. నాలుగు వైపులకీ వంతులు కాబట్టి మన వైపు పచ్చలైటు గంటలో పావు వంతే వెలుగుతుంది, అంటే గంటకి 260 కార్ల పైచిలుకు దారి ఆ రెండు మీటర్లలోనే కరిగిపోతుంది. ఆ జాగా ఖాళీ చేయించకుండా పెట్టే సిగ్నల్ ఊరికే కరెంటు దండగ. హైదరాబాద్ పోలీసులు 2022లో ఆపరేషన్ రోప్ అని మొదలుపెట్టింది ఇందుకే, అడ్డంగా పెట్టిన బళ్లూ ఆక్రమణలూ తీయించడానికి, స్టాప్ లైను దగ్గరా, సిగ్నల్‌తో పనిలేకుండా ఎడమకి తిరిగే ఫ్రీ లెఫ్ట్ దగ్గరా అడ్డుగా నిలబడితే జరిమానా వెయ్యడానికి.

నేను చెప్పేది ఇంకోటి. కాలువకి రెండు గట్లున్నాయి కదా, రెండింటినీ వన్ వే చేసెయ్యాలి. మనం ఎడమ పక్కన నడిపేవాళ్లం, డివైడర్ కుడిచేతి వైపు ఉంటుంది. కాలువనే డివైడర్ అనుకోండి, ఎటు పోతున్నా కాలువ కుడిచేతి వైపే ఉండాలి. బోర్డు కూడా అక్కర్లేదు, చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. అప్పుడు ఒక గట్టు మీద ఎదురు బండి అనేదే రాదు, వంతెన దగ్గర కుడికి తిరిగే బండి కోసం వెనకున్నవాళ్లు కాచుకోవాల్సిన పని చాలావరకు తగ్గుతుంది. వంతెన మీద మాత్రం రెండు వైపులా రాకపోకలు ఉంటాయి, కాబట్టి దాని మీద పసుపు గళ్లు గీసి అవతల ఖాళీ ఉంటేనే ఎక్కాలని రూలు పెట్టాలి. వంతెన ఖాళీగా ఉన్నంతసేపూ రెండు కూడళ్లూ ఆడతాయి, అది నిండిందంటే రెండూ ఒకేసారి చస్తాయి.

దీనికి అడ్డంకులు లేవని కాదు. చాలాచోట్ల ఒక గట్టుకే తారు ఉంటుంది, రెండోది మట్టి, దాని మీద గడ్డిమేట్లూ, పాకలూ, ఎవరివో గేదెలూ. గట్టు జలవనరుల శాఖది, తారేమో రోడ్లు భవనాల శాఖదో పంచాయతీదో, అంగళ్ల తగువు మునిసిపాలిటీది, ఈల పోలీసులది. వీళ్లందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడం కంటే ఫ్లైఓవర్ కట్టడమే తేలికేమో అనిపిస్తుంది ఒక్కోసారి! అయినా రెండో గట్టు బాగుచేసి తారు వెయ్యడానికీ ఫ్లైఓవర్‌కీ ఖర్చులో పోలికే లేదు. కోతల రోజుల్లో గట్టు మీద ధాన్యం ఆరబోస్తారు కాబట్టి అప్పుడు వన్ వే ఆగిపోతుంది, అది నిజమే. రైతుని అక్కణ్ణుంచి లేపమని నేను అనను, ఆయనకి కళ్లం చూపించకుండా.

దుకాణాల వాళ్లు ఎటూ ఒప్పుకోరు, అవతలి గట్టువాళ్లు మా అంగడికి రావాలంటే తరవాతి వంతెన దాకా పోయి తిరిగి రావాలి అంటారు. బండి ఉన్నవాడికి అది రెండు నిమిషాల పని. నడిచేవాళ్లకి మాత్రం ఒక కాలిబాట వంతెన వెయ్యాలి, కాలువకి నీళ్లు కట్టేసినప్పుడు ఆ పని అయిపోతుంది. ఆర్టీసీ బస్సు ఆగే చోటు కూడా వంతెన దిగీ దిగగానే కాకుండా ఇంకొంచెం ముందుకి, అంటే డెబ్బయి ఎనభై మీటర్లు అవతలికి జరపాలి. ఇప్పుడు బస్సు ఆగితే దాని వెనక వరస వంతెన మీదికే పాకుతోంది.

అన్నట్టు ట్రయల్ వేస్తామంటే మే నెలలో మాత్రం వద్దనండి. అప్పుడు కాలేజీ బస్సులుండవు, ఎండకి జనం బయటికి రారు, ఏం చేసినా బాగానే ఉన్నట్టు కనపడుతుంది. సంక్రాంతికీ వద్దు, ఆ నాలుగు రోజులూ హైదరాబాద్ కార్లకి ఏ రూలూ తెలీదు. కాలేజీలు తెరిచాక, జూలైలో, వాన పడుతుండగా సాయంత్రం పూట నాలుగు డ్రమ్ములూ ఒక తాడూ పెట్టి వెయ్యాలి.